పెన్సిలు ఖాతా

బల్లార్షాల కాగితం మిల్లు వాసన
తెల్లారక ముందే లేస్తది.
దాని వెనుక నేను లేస్త.
బొగ్గు గని గేటు ముంగట, టార్పాలిన్ కింద,
మొదటి షిఫ్టు దిగే లోపల
మూడు వాయిల ఇడ్లీ దించాలె.

మా అయ్య నాకు సువార్త అని పేరు పెట్టిండు.
మంచిర్యాల దాటి ఈడికి వచ్చిన సంది
నా నోట్లకెళ్లి వచ్చే వార్తంత బాకీలదే:
ఎవరు ఎంత, ఎన్నడు ఇస్తమన్నరు,
ఎవరు తల దించుకొని పోతున్నరు.

ఆదివారం పొద్దుగాల, రేకుల గుడిల
ప్రభువు నేర్పిన ప్రార్థన అందరం నిలబడి చెప్తం.
రొట్టె దాక నా గొంతు గట్టిగనే ఉంటది.
రొట్టె నాకు తెలిసిన సంగతి.
ఆ తర్వాత ఋణాల మాట వస్తది.
ఆడ పెదవులు కదుపుత, సప్పుడు చెయ్య.

పాపాలు అని ఉంటే బాగుండు.
పాపాలకు నా దగ్గర లెక్కపుస్తకం లేదు.
మన తెలుగుల అది అచ్చంగ అప్పే.
అప్పంటే నాకు ఒక మొఖం కనబడ్తది:
దేవాజీ మడావి, కాంట్రాక్టు లోడరు,
ముప్పై ఏడో పేజీ,
రెండు వేల మూడు వందల నలభై.

సోమవారం వస్తే బచత్ గట్ మీటింగు.
కిస్తీ పదకొండు వందలు.
యేసయ్యా, నీకు పడవ ఇచ్చినోళ్లున్నరు,
గాడిదను విప్పి ఇచ్చినోళ్లున్నరు,
ఆఖరికి పండుకున్న సమాధి సుత పరాయిదే.
నీకు ఎన్నడన్న
కిస్తీ కట్టే సోమవారం వచ్చిందా?

అన్నంక నాలుక కరుచుకున్న.
అన్న మాట మాత్రం వాపసు తీసుకోలే.

శనివారం సందెల దేవాజీ ఇంటికి పోయిన,
ఒక చేతిల పుస్తకం, ఇంకో చేతిల కోపం.
బిడ్డ బయటికొచ్చింది, ముక్కు తుడుచుకుంట,
బడిల పాఠం అప్పజెప్పినట్టు మరాఠీల అన్నది:
"బాబా ఇంట్ల లేడని చెప్పమన్నడు బాబా."
తలుపు వెనుక దగ్గు.
బొగ్గు దగ్గు, మూతి మూసినా ఆగదు.

నవ్వొచ్చింది. నవ్వు సగంలనే ఆగింది.
పోయిన నెల గట్ మేడం వచ్చిన దినం
మా చిన్నదానికి నేను నేర్పిన పాఠం గదే.
భాష ఒక్కటే మారింది.
ఆ దినం నేను గ్యాసు బండ వెనుక
మోకాళ్ల మీద ఉన్న.
ప్రార్థనకు కాదు.

"మీ బాబాకు చెప్పు," అన్న, తలుపుకు వినబడేటట్టు,
"సోమవారం ఇడ్లీ ఉంటది.
రైలు గేటు దిక్కు నుంచి చుట్టు తిరిగి పోవుడు వద్దను.
మోకాలు నొప్పి మనిషి."

అంతే. పేజీ చింపలే.
అంత పెద్ద మనసు నాకు లేదు,
ఉన్నదని గుడిల సాక్ష్యం చెప్పబోను.
రాత్రి బుడ్డ బల్బు కింద
పెన్నుతోని రాసిన ఆ లెక్కను
కొత్త పేజీల పెన్సిలుతోని ఎక్కించిన.
ప్రభువా, మొత్తం ఒక్కసారి నాతోని కాదు.
క్షమాపణ వాయిదాల మీద తీసుకుంటవా?

సోమవారం ఆయన వచ్చిండు.
దూరంగ నిలబడి తిన్నడు.
ఇయ్యాలటి పైసలే ఇచ్చిండు, బొగ్గు అంటిన చిల్లర.
పాత ముచ్చట ఆయన ఎత్తలే, నేను ఎత్తలే.
ప్లేట్ల ఇంకో గరిటె సాంబారు పోసిన.
అది మాఫీనో, చేతికున్న అలవాటో
నాకే తెల్వది.

పగటి మీటింగుల నా కిస్తీకి నూరు తక్కువైంది.
పక్కన కూసున్న షేవంతాబాయి
కొంగు ముడి విప్పి నూరు తీసి పెట్టింది,
పెట్టి, అరచేతి మీద
నా పేరు రాసుకున్నది.
పెన్నుతోని.

ఆమె చెయ్యి దిక్కు చూసుకుంట కూసున్న.
ఎండాకాలం. చెమట బాగనే పడుతున్నది.